బూట్లు లేకనే బ్రెజిల్ వెళ్లలేదా? 1948 నుంచి 1952 దాకా భారత ఫుట్‌బాల్ జట్టు ప్రయాణాల లెక్క

ప్రపంచకప్ ఫుట్‌బాల్ దగ్గరపడిన ప్రతిసారీ ఒక పాత ఫొటో ఫోన్లలో తిరుగుతుంది. కాళ్లకు బూట్లు లేని భారత ఆటగాళ్లు, కింద ఒక వాక్యం: "1950లో మనవాళ్లు ప్రపంచకప్‌కు అర్హత సాధించారు, వట్టికాళ్లతో ఆడనివ్వమని ఫిఫా చెప్పడంతో వెళ్లలేకపోయారు."

ఈ వాక్యంలో మూడు వేర్వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. 1948లో భారత ఆటగాళ్లలో చాలామంది వట్టికాళ్లతో లండన్ ఒలింపిక్స్‌లో ఆడారు. అది నిజం. 1950లో బ్రెజిల్ ప్రపంచకప్‌లో మనకు చోటు దక్కింది. అదీ నిజమే, కానీ "సాధించారు" అన్న మాట దగ్గర ఆగి చూడాలి. మొదటిదాని వల్ల రెండోది చేజారింది అన్నది మూడో సంగతి. చిక్కంతా అక్కడే. ముడి విప్పాలంటే లండన్ ప్రయాణం నుంచి మొదలుపెట్టాలి.

ఇల్‌ఫర్డ్‌లో 90 నిమిషాలు

1948 జులై 31న లండన్ శివారు ఇల్‌ఫర్డ్‌లోని క్రికిల్‌ఫీల్డ్ మైదానంలో భారత్, ఫ్రాన్స్ తలపడ్డాయి. స్వతంత్ర దేశంగా మన ఫుట్‌బాల్ జట్టు ఆడిన తొలి అంతర్జాతీయ మ్యాచ్ అది. కోచ్ బలాయిదాస్ చటర్జీ. కెప్టెన్ తాలిమెరెన్ ఆవో నాగా కొండల నుంచి కలకత్తాకు వచ్చి వైద్యం చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడుతున్నవాడు. ఆ ఒలింపిక్స్ ప్రారంభ కవాతులో భారత జెండా పట్టుకున్నదీ ఆయనే.

30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ చేసింది. 70వ నిమిషంలో రామన్ సమం చేశాడు. 89వ నిమిషంలో ఫ్రాన్స్‌కు రెండో గోల్. స్కోరు 2-1. ఈ అంకెల వెనక ఇంకో సంగతి ఉంది: భారత్‌కు రెండు పెనాల్టీలు దక్కాయి. ఒకటి శైలేన్ మన్నా, ఇంకొకటి మహావీర్ ప్రసాద్ తన్నారు. రెండూ పోయాయి. ఒక్కటి పడినా ఆట అదనపు సమయానికి వెళ్లేది.

నిడివి సంగతి కూడా చూడాలి. ఆనాడు మన దేశంలో మ్యాచ్ సాధారణంగా 70 నిమిషాలు. విదేశాల్లో 90. ఆ చివరి 20 నిమిషాలకు మన ఆటగాళ్ల ఒళ్లు అలవాటుపడలేదు. ఫ్రాన్స్ గెలుపు గోల్ ఆ 20 నిమిషాల్లోనే పడింది. ఒక్క మ్యాచ్‌ను బట్టి సూత్రం కట్టకూడదు కానీ, ఆనాటి పర్యటనల గురించి మాట్లాడేటప్పుడు బూట్లకంటే ముందు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

ఓడినా జట్టు వెంటనే ఇంటిముఖం పట్టలేదు. యూరప్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది. వాటిలో ఎక్కువగా చెప్పుకునేది నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌పై 5-1 విజయం. ఆనాటి విదేశీ పర్యటనలు అలాగే సాగేవి: ఒక పెద్ద పోటీ పేరు మీద వెళ్లడం, అంత దూరం వచ్చాం కాబట్టి దారిలో ఉన్న ఊళ్లలో ఆడి రావడం.

వట్టికాళ్ల ఆట ఎలా పనిచేసేది?

దీన్ని కేవలం పేదరికంగా చూడటం సరికాదు. తోలు బూట్లు కొనలేని కుర్రాళ్లు చాలామందే ఉండేవారు. కానీ జాతీయ జట్టుకు ఆడేవాళ్లకు బూట్లు దొరకక కాదు. చిన్నప్పటినుంచీ పాదంతో బంతిని తెలుసుకున్నవాళ్లు వాళ్లు. ఆ కాలపు బూటు చీలమండ పైదాకా వచ్చేది, ముందు గట్టి తొడుగు ఉండేది, అడుగున తోలు దిమ్మలు (స్టడ్‌లు) మేకులతో కొట్టి ఉండేవి. వానలో నానితే మరీ బరువెక్కేది. అలవాటు లేనివాడికి అది తొడిగితే బంతి స్పర్శే తెలియదు. అందుకే చాలామంది చీలమండకు గట్టిగా కట్టు కట్టుకుని, పాదం వదిలేసి ఆడేవారు. దీనికి గొప్ప వారసత్వమూ ఉంది. 1911 జులై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన రోజు పదకొండు మందిలో పది మంది వట్టికాళ్లతోనే ఆడారు.

మరి ఇబ్బంది ఎక్కడ? ఎండిన, గట్టి నేల మీద వట్టికాలు బాగా పనిచేస్తుంది. చిన్న పాస్‌లు, చటుక్కున మళ్లడం, బంతిని పాదానికి అంటించుకుని పోవడం, వీటన్నిటికీ అది అనువు. తడిసిన పచ్చిక మీద సంగతి వేరు. స్టడ్‌లు లేని పాదం మలుపు తిరిగేటప్పుడు జారుతుంది. పరుగు తీసే ముందు నేలను తన్నే పట్టు దొరకదు. బంతి కూడా తాడుతో బిగించిన తోలు సంచి. ఆట మొదలయ్యేటప్పుడు 14 నుంచి 16 ఔన్సులు ఉండాలని నియమం, అంటే సుమారు 400 నుంచి 450 గ్రాములు. తడి పీల్చాక ఎంత బరువెక్కుతుందో నియమం చెప్పదు. అలాంటి బంతిని వట్టి పాదంతో 40 గజాలు కొట్టాలంటే వేళ్లు, పాదం పైభాగం దెబ్బతింటాయి. చలికి పాదాలు మొద్దుబారితే, వట్టికాలికున్న ఒకే ఒక్క లాభం, ఆ స్పర్శ, అదీ పోతుంది.

ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో సరిసమానంగా ఆడిన పద్ధతి నాలుగేళ్లకు హెల్సింకీ ఒలింపిక్స్‌లో 10-1 ఓటమితో ఎందుకు కుప్పకూలిందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. కొంతే. మిగతా కారణం తర్వాత వస్తుంది.

"అర్హత సాధించడం" అంటే ఇక్కడ ఏమిటి?

1950 ప్రపంచకప్ జూన్ 24 నుంచి జులై 16 వరకు బ్రెజిల్‌లో జరిగింది. మొత్తం 16 చోట్లు. ఆతిథ్య దేశంగా బ్రెజిల్‌కు, 1938 విజేతగా ఇటలీకి నేరుగా ప్రవేశం. మిగిలిన 14లో యూరప్‌కు 7, అమెరికా ఖండాలకు 6, ఆసియాకు 1.

ఆ ఒక్క ఆసియా చోటు కోసం భారత్, బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌ను ఒక గ్రూపుగా వేశారు. ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే మిగతా మూడూ తప్పుకున్నాయి. భారత్ మిగిలింది. యుద్ధంలో ఓడిన జపాన్, జర్మనీలను ఆ పోటీకి రానివ్వలేదు. కాబట్టి మనకు దక్కింది చోటే కానీ, మైదానంలో గెలుచుకున్న చోటు కాదు. మన ఆటగాళ్లను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆ ఏడాది పోటీ ఎంత అస్తవ్యస్తంగా నడిచిందో తెలియడానికి.

ఎందుకంటే వెనక్కి తగ్గింది మనం ఒక్కరమే కాదు. స్కాట్లాండ్ బ్రిటిష్ పోటీలో మొదటి స్థానం వస్తేనే వెళ్తామని పట్టుబట్టి, రెండో స్థానం రావడంతో మానేసింది. టర్కీ సిరియాను 7-0తో ఓడించి చోటు సంపాదించి కూడా వెళ్లలేదు. ఖాళీ పూరించడానికి పోర్చుగల్‌ను పిలిస్తే రాలేదు. ఫ్రాన్స్ ముందు సరేనంది. తర్వాత ఒక మ్యాచ్ దక్షిణాన పోర్టో అలెగ్రేలో, ఇంకొకటి ఉత్తరాన రెసీఫేలో అని చూసి, మధ్యలో సుమారు 3,000 కిలోమీటర్ల ప్రయాణం మా వల్ల కాదని తప్పుకుంది. మే 22న రియోలో డ్రా తీశారు. భారత్ మూడో గ్రూపులో పడింది, ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో. ఆ తర్వాత భారత్ రావడం లేదని తేలింది. చివరికి 16కు బదులు 13 జట్లు ఆడాయి.

ఫ్రాన్స్, టర్కీ, పోర్చుగల్ బూట్లు వేసుకునే ఆడేవి. వాటి గురించి ఎవరూ కథ కట్టలేదు.

బూట్ల వాదానికి ఒక చిన్న పరీక్ష

1948 చూశాక ఫిఫా వట్టికాళ్ల ఆటను నిషేధించిందని, ఆ నిషేధమే 1950లో అడ్డుపడిందని చాలాచోట్ల రాస్తారు. ఇది నిజమైతే ఆ తర్వాత జరిగిన పెద్ద పోటీలో మనవాళ్లు వట్టికాళ్లతో కనిపించకూడదు.

కానీ కనిపించారు. 1952 జులైలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ కూడా ఫిఫా నియమాల కిందే జరుగుతుంది. 1950లో కుదరదన్నది 1952లో ఎలా కుదిరింది? ఈ ప్రశ్నకు బూట్ల వాదం దగ్గర గట్టి జవాబు లేదు. ఆనాటి ఆట నియమాల్లో పాదరక్షల గురించి ఉన్న పట్టింపు కూడా ఎదుటివాడికి గాయం కాకూడదన్న దాని చుట్టూ తిరిగేదే: స్టడ్ వ్యాసం అరంగుళానికి తగ్గకూడదు, ముప్పావు అంగుళానికి మించి పొడుచుకు రాకూడదు, ఇలాంటివి.

ఇక సాక్ష్యం. 1950లో జట్టుకు సారథ్యం వహించాల్సిన మన్నా, తర్వాతి కాలంలో ఈ విషయం అడిగినప్పుడు, బూట్లు కారణం కాదనే చెప్పారు. ప్రపంచకప్ అంటే ఏమిటో తమకు పెద్దగా తెలియదని, తమకు ఒలింపిక్సే సర్వస్వమని ఆయన మాటల సారం. ఆటగాడికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గదిలో జరిగిన చర్చలన్నీ తెలియకపోవచ్చు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ బూట్లు వేసుకోమని ఎవరైనా అని ఉంటే ఆ మాట మొదట చేరేది ఆటగాళ్ల చెవికే కదా.

బూట్ల వాదంలో ఒక్క గింజ నిజం ఉంది. హెల్సింకీ తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యే బూట్లు తప్పనిసరి చేసింది. ఆ నిర్ణయం మనది, అదీ రెండేళ్ల తర్వాతిది. కాలక్రమం తారుమారై అది ఫిఫా నెత్తినా, 1950 నెత్తినా పడిందని నాకు అనిపిస్తుంది.

డబ్బు: ఎంత అన్నదానికంటే ఏ డబ్బు అన్నది ముఖ్యం

సమాఖ్య చెప్పిన కారణాల్లో ప్రయాణ ఖర్చు ఒకటి. దీనికి వెంటనే వచ్చే ప్రశ్న: ప్రయాణ ఖర్చులో పెద్ద భాగం బ్రెజిల్ నిర్వాహకులే భరిస్తామన్నారు కదా? అన్నారు. అందుకే ఖర్చు ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. అయినా ఆనాటి ఖర్చును ఈనాటి కళ్లతో చూస్తే పొరపాటు పడతాం.

అప్పట్లో విదేశీ మారకద్రవ్యం మీద ప్రభుత్వ అదుపు గట్టిగా ఉండేది. భారత్ స్టెర్లింగ్ ప్రాంతంలో, అంటే తమ డబ్బును బ్రిటిష్ పౌండ్‌తో ముడిపెట్టుకున్న దేశాల కూటమిలో ఉండేది. లండన్ వెళ్తే ఖర్చు పౌండ్లలో అవుతుంది, అది కొంత తేలిక. బ్రెజిల్ స్టెర్లింగ్ ప్రాంతానికి బయట. అటువైపు ప్రయాణమంటే డాలర్ల ప్రసక్తి వస్తుంది, డాలర్లకేమో దేశమంతా కటకట. దీనికి తోడు 1949 సెప్టెంబరులో పౌండ్‌తో పాటే రూపాయి విలువనూ తగ్గించారు. డాలర్‌కు 3 రూపాయల 31 పైసల చొప్పున ఉన్నది 4 రూపాయల 76 పైసలైంది, దశాంశంలో చెప్పుకుంటే.

ఒక ఊహాలెక్క వేద్దాం. జట్టు సొంతంగా 10,000 డాలర్లు పెట్టుకోవాలనుకోండి. ఇది అసలు అంచనా కాదు, లెక్క కోసం తీసుకున్న అంకె. 1949 ఆగస్టులో అయితే 33,100 రూపాయలు. 1950 మేలో అయితే 47,600. అదే టికెట్, అదే హోటల్, 14,500 రూపాయలు అదనం. అంటే 44 శాతం ఎక్కువ. లండన్ ఖర్చుకు ఈ దెబ్బ తగల్లేదు. పౌండూ రూపాయీ కలిసే దిగాయి కాబట్టి వాటి మధ్య నిష్పత్తి మారలేదు. 1948లో ఒలింపిక్స్‌కు వెళ్లగలిగినవాళ్లు 1950లో బ్రెజిల్‌కు ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్నకు ఈ తేడా పూర్తి జవాబు కాదు, కానీ పక్కన పెట్టదగ్గదీ కాదు.

రోజులు, సెలవులు, కలకత్తా లీగ్

బొంబాయి నుంచి లండన్‌కు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ 1948 జూన్ 8న విమానాలు మొదలుపెట్టింది. కైరో, జెనీవా మీదుగా. అక్కణ్నుంచి అట్లాంటిక్ దాటడానికి మరో సంస్థ విమానం ఎక్కాలి. ఓడైతే వారాలు. ఓడ ప్రయాణం ఆటగాణ్ని ఏం చేస్తుందో ఇటలీని చూస్తే తెలుస్తుంది. 1949 మే 4న టొరినో జట్టు మొత్తం సుపెర్గా కొండ మీద విమాన ప్రమాదంలో చనిపోయింది. ఇటలీ జాతీయ జట్టుకు వెన్నెముక వాళ్లే. ఆ భయంతో 1950లో ఇటలీ ఓడలో వెళ్లింది, సుమారు రెండు వారాలు. ఓడ మీద సరైన సాధన ఎక్కడ? ప్రపంచ విజేత మొదటి మ్యాచ్‌లోనే స్వీడన్ చేతిలో 3-2తో ఓడింది.

మన ఆటగాళ్లకు ఇంకో ఇబ్బంది. వాళ్లెవరూ ఆటే వృత్తిగా బతికినవాళ్లు కాదు. మన్నా జియోలాజికల్ సర్వేలో ఉద్యోగి. మేవాలాల్ రైల్వే మనిషి. హైదరాబాద్ ఆటగాళ్లు చాలామంది పోలీసులు. ఒలింపిక్స్‌లో ఓడితే ఒక్క మ్యాచ్‌తో ఇంటికి. ప్రపంచకప్‌లో గ్రూపు కాబట్టి ఓడినా మూడు మ్యాచ్‌లు ఆడాలి. వెళ్లడం, అలవాటుపడటం, ఆడటం, తిరిగి రావడం కలుపుకుంటే నెలకు తక్కువ కాదు.

పైగా జూన్, జులై అంటే కలకత్తా లీగ్ మంచి ఊపులో ఉండే రోజులు. మైదానాలు జనంతో కిటకిటలాడే కాలం. ఈస్ట్ బెంగాల్‌కు అప్పట్లో అహ్మద్ ఖాన్, అప్పారావు, వెంకటేశ్, ధన్‌రాజ్, సాలే అనే ఐదుగురు ముందువరుస ఆటగాళ్లు ఉండేవారు. అభిమానులు వాళ్లను పంచపాండవులనేవారు. ఐదుగురూ బెంగాల్ బయటినుంచి వచ్చినవాళ్లే. ఇలాంటివాళ్లను లీగ్ నడుమ నెలకు పైగా వదులుకోవడం ఏ క్లబ్‌కైనా కష్టం. జట్టు ఎంపికలో ఇబ్బందులు, సాధనకు సమయం లేకపోవడం అని సమాఖ్య చెప్పిన కారణాలను ఈ నేపథ్యంలో చదవాలి.

అమెచ్యూర్ ముద్ర పోతుందన్న భయం

అమెచ్యూర్ అంటే ఆటకు జీతం తీసుకోనివాడు. ఆనాటి ఒలింపిక్స్‌లో వాళ్లకే ప్రవేశం. ప్రపంచకప్‌లో వృత్తి ఆటగాళ్లూ ఆడొచ్చు. అలాంటి పోటీలో ఆడితే 1952 ఒలింపిక్స్‌కు అనర్హులమవుతామని మన పెద్దలు భయపడ్డారన్నది కొందరి వాదన.

భయం ఉండి ఉండొచ్చు. దానికి ఆధారం మాత్రం కనబడదు. స్వీడన్‌నే తీసుకోండి. ఆ దేశం 1950లో అచ్చంగా అమెచ్యూర్లనే ప్రపంచకప్‌కు పంపి మూడో స్థానం సాధించింది. రెండేళ్ల తర్వాత హెల్సింకీ ఒలింపిక్స్‌లో కాంస్యం కూడా గెలిచింది. యుగోస్లావియా కూడా రెండు పోటీల్లోనూ ఆడింది. జీతం తీసుకుంటే అనర్హత, జీతగాళ్లతో ఆడితే కాదు.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది మన్నా చెప్పిన మాటే: ప్రపంచకప్ విలువ అప్పటికి మనకు తెలియదు. అప్పటిదాకా జరిగినవి మూడే, 1930, 1934, 1938. మనం ఫుట్‌బాల్ నేర్చుకున్న ఇంగ్లండ్ ఆ మూడింటిలో ఒక్కదానిలోనూ ఆడలేదు. 1950లోనే మొదటిసారి వచ్చింది. ఒలింపిక్స్‌లో అయితే హాకీ జట్టు 1928 నుంచీ స్వర్ణాలు తెస్తోంది. పైగా 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు రాబోతున్నాయి. అక్కడ భారత్ ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1950లోనే ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. తర్వాత నాలుగేళ్లూ వరసగా దాన్ని వదల్లేదు.

ఇందులో ఒక చరిత్ర మలుపు ఉంది. ఇల్‌ఫర్డ్ మ్యాచ్ రోజుకు హైదరాబాద్ ఇంకా భారత్‌లో కలవలేదు. కలిసింది 1948 సెప్టెంబరులో. నూర్ మహమ్మద్ లాంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఒలింపిక్ జట్టులో కనిపించేది 1952 నుంచి.

వెళ్లి ఉంటే ఏమయ్యేది?

ఇక్కడ రెండు పక్షాలూ తమకు నచ్చిన మ్యాచ్‌ను చూపిస్తాయి. గట్టిగా నిలబడేవాళ్లమనేవారు ఫ్రాన్స్‌తో 2-1ని చూపిస్తారు. చిత్తయ్యేవాళ్లమనేవారు 1952 జులై 15న హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1ని చూపిస్తారు. జెబెక్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. మన ఒక్క గోల్ చివర్లో అహ్మద్ ఖాన్‌ది.

నాలుగేళ్ల తేడాలో ఒకే దేశం ఇంత మారదు. మారింది ఎదుటి జట్టు. 1948లో మనం ఆడింది ఫ్రాన్స్ అసలు జాతీయ జట్టుతో కాదు, అమెచ్యూర్ జట్టుతో. ఫ్రాన్స్ మేటి ఆటగాళ్లు వృత్తివాళ్లు, ఒలింపిక్స్‌కు రాకూడదు. యుగోస్లావియాలో వృత్తి ఫుట్‌బాల్ అన్న మాటే లేదు కాబట్టి దాని అసలు జట్టే అమెచ్యూర్ పేరుతో వచ్చింది. మితిచ్, చైకోవ్‌స్కీ, బోబెక్ లాంటివాళ్లు 1950 ప్రపంచకప్‌లోనూ ఆడినవాళ్లే. కాబట్టి బ్రెజిల్‌లో ఎదురయ్యే స్థాయికి దగ్గరి కొలత హెల్సింకీదే. అక్కడి చలి బ్రెజిల్‌లో ఉండేది కాదు, అంతవరకు తగ్గించి చూసుకోవచ్చు.

మరో కొలత దక్షిణ కొరియా. 1954లో స్విట్జర్లాండ్ ప్రపంచకప్‌కు సుదీర్ఘ ప్రయాణం చేసి చివరి నిమిషంలో చేరిన ఆ జట్టు హంగరీ చేతిలో 9-0, టర్కీ చేతిలో 7-0తో ఓడింది. ఆ ఓటముల వల్ల కొరియా ఫుట్‌బాల్ ఆగిపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు బూట్లతో ఆడి, నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. అక్కడ మళ్లీ యుగోస్లావియానే, ఆటగాళ్లు మాత్రం చాలావరకు వేరు. ఈసారి ముందు గోల్ మనది, ఓటమి 4-1. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. అంటే మనకు కావలసింది అలాంటి దెబ్బలు తిని నేర్చుకునే అవకాశాలే. 1950లో వదులుకున్నది కప్పును కాదు, అలాంటి మూడు మ్యాచ్‌లను.

ఇంకో చిన్న దిద్దుబాటు: భారత్ వెళ్లి ఉంటే ఆసియా నుంచి తొలి జట్టు అయ్యేదన్నది కూడా సరికాదు. 1938లోనే డచ్ ఈస్ట్ ఇండీస్ ఫ్రాన్స్ వెళ్లి ఆడింది. స్వతంత్ర ఆసియా దేశాల్లో తొలిది అంటే సరిపోతుంది.

మూడో గ్రూపు మనం లేకుండానే నడిచింది. స్వీడన్ 3, ఇటలీ 2. స్వీడన్ 2, పరాగ్వే 2. ఇటలీ 2, పరాగ్వే 0. గెలుపుకు రెండు పాయింట్ల లెక్కన మూడు పాయింట్లతో స్వీడన్ ముందుకు వెళ్లింది. 16 జట్లూ వచ్చి ఉంటే మొత్తం 30 మ్యాచ్‌లు జరిగేవి, 22 జరిగాయి. జరగని ఆ ఎనిమిదింటిలో మూడు భారత్‌వి.